'ది పిట్' తొలి సీజన్: పదిహేను గంటల డ్యూటీలో మన ఇళ్లకు పనికొచ్చేది ఏమిటి?

ఆసుపత్రి సీరియల్ అనగానే మనకు కొన్ని దృశ్యాలే గుర్తొస్తాయి. తలకు కట్టుతో మంచం మీద కథానాయిక, వరండాలో ఏడుస్తున్న బంధువులు, ఆపరేషన్ థియేటర్ తలుపు మీద ఎర్ర లైటు. డాక్టర్ బయటికొచ్చి కళ్లద్దాలు తీసి తల అడ్డంగా ఊపితే ఆ రోజుకు కథ ముగుస్తుంది. 2025లో వచ్చిన అమెరికన్ సీరియల్ 'ది పిట్' ఆ దారిలో నడవదు. ఇందులో ఎక్కువ మంది రోగుల బాధ జబ్బు ఒక్కటే కాదు, ఎదురుచూపు కూడా. మంచం కోసం, నర్సు కోసం, తమ మాట వినే మనిషి కోసం వాళ్లు ఎదురుచూస్తుంటారు.

ఇది తెలుగువాళ్ల కథ కాదు. అయినా మరో భాష మాట్లాడే ఊళ్లలో తరతరాలుగా ఉంటూ, అక్కడి ఆసుపత్రుల్లోనే పుట్టి పెరిగిన మన కుటుంబాలకు ఇందులో చూడాల్సింది చాలా ఉంది. అందుకే తొలి సీజన్ మొత్తం చూసి ఈ పరిచయం రాస్తున్నాం. కథలోని ముఖ్యమైన మలుపులు ఇందులో ఉన్నాయి. ముందే తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు సీజన్ చూశాకే చదవండి.

ఒక్క చూపులో

సీరియల్: ది పిట్, మొదటి సీజన్, 15 ఎపిసోడ్లు.
ప్రసారం: 2025 జనవరి 9 నుంచి ఏప్రిల్ 10 వరకు, అమెరికాలో మ్యాక్స్ ఓటీటీలో.
సృష్టికర్త: ఆర్. స్కాట్ జెమ్మిల్. నిర్మాతల్లో జాన్ వెల్స్, నోవా వైల్ ఉన్నారు.
ప్రధాన పాత్ర: డాక్టర్ మైకేల్ రాబినవిచ్, అందరికీ 'రాబీ'. నటుడు నోవా వైల్.
కథాస్థలం: పిట్స్‌బర్గ్ నగరంలో ఒక కల్పిత ఆసుపత్రి, దాని ఎమర్జెన్సీ విభాగం.
అవార్డులు: 2025 ఎమ్మీల్లో ఉత్తమ డ్రామా సీరియల్, ఉత్తమ నటుడు (నోవా వైల్), ఉత్తమ సహాయ నటి (క్యాథరిన్ లనాసా).

పిట్స్‌బర్గ్ పేరు వింటే మనలో చాలామందికి 1976లో అక్కడ వెలసిన వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. సీరియల్ చూపించేది ఆ ఊరికి మరో ముఖం. పిట్ అంటే గొయ్యి. ఎమర్జెన్సీ విభాగానికి అక్కడి సిబ్బంది పెట్టుకున్న పేరు అది.

జెమ్మిల్, వెల్స్, వైల్ ముగ్గురూ గతంలో 'ఈఆర్' సీరియల్‌కు కలిసి పనిచేసినవాళ్లే. 1994 నుంచి 2009 వరకు నడిచిన ఆ సీరియల్‌లో నోవా వైల్ కుర్ర వైద్య విద్యార్థిగా అడుగుపెట్టాడు. ఇప్పుడు గడ్డం నెరిసిన పెద్ద డాక్టర్‌గా తిరిగొచ్చాడు. అప్పుడు 'ఈఆర్' చూసినవాళ్లకు ఈ ముఖమే సగం కథ చెప్పేస్తుంది.

గంటకో ఎపిసోడ్

సీజన్ మొత్తం ఒకే రోజు కథ. ఉదయం 7 గంటలకు రాబీ డ్యూటీకి వస్తాడు. ఒక్కో ఎపిసోడ్ ఒక్కో గంట. డ్యూటీ సాయంత్రం 7కి ముగియాలి, కానీ ఆ రోజు ఊళ్లో జరిగిన ఘోరం వల్ల రాత్రి 10 దాకా సాగుతుంది.

ఈ కట్టడి వల్ల ఒక మేలు జరిగింది. మామూలు సీరియల్లో రోగి వస్తాడు, పరీక్షలు జరుగుతాయి, తర్వాతి సీన్‌కి రిపోర్టు చేతిలో ఉంటుంది. ఇక్కడ మొదటి ఎపిసోడ్‌లో వచ్చిన మనిషి నాలుగో ఎపిసోడ్‌లోనూ అదే కుర్చీలో కనిపిస్తాడు. రక్తపరీక్షకు పట్టే సమయం, స్కాన్ కోసం వరస, పై అంతస్తులో మంచం ఖాళీ అయ్యేదాకా పడిగాపులు, అన్నీ మన కళ్ల ముందే నడుస్తాయి. నేపథ్య సంగీతం దాదాపు లేదు. ఎప్పుడు ఏడవాలో వయొలిన్ చెప్పదు. మిషన్ల కూత, బూట్ల చప్పుడు, పక్క గదిలోంచి ఎవరో అరిచే అరుపు, అంతే.

ఎవరెవరు

పాత్రలు చాలా ఉన్నాయి. మొదటి రెండు ఎపిసోడ్లలో గుర్తుపట్టడం కష్టమే, కాబట్టి కొందరిని పరిచయం చేస్తాం. అక్కడ రెసిడెంట్ అంటే మన దగ్గరి పీజీ డాక్టర్ లాంటివారు.

రాబీ విభాగానికి పెద్ద. అతని గురువు డాక్టర్ ఆడమ్సన్ కోవిడ్ కాలంలో ఇదే ఆసుపత్రిలో చనిపోయాడు. ఈ రోజు ఆయన వర్ధంతి. రాబీ ఎవరికీ చెప్పుకోడు, మనకు మాత్రం అప్పుడప్పుడూ ఆ జ్ఞాపకం తెర మీద మెరుస్తుంది.

డేనా ఇన్‌చార్జి సిస్టర్. డాక్టర్లు మారినా వార్డు నడిచేది ఆమె చేతుల మీదే. క్యాథరిన్ లనాసాకు అవార్డు తెచ్చిన పాత్ర ఇదే.

సమీరా మోహన్ భారతీయ మూలాలున్న రెసిడెంట్, నటి సుప్రియా గణేశ్. రోగి దగ్గర ఎక్కువసేపు ఉంటుందని తోటివాళ్లు ఆమెకు నత్తనడక అని అర్థం వచ్చే పేరు పెట్టారు.

విక్టోరియా జవాడీ ఇరవై ఏళ్లకే అక్కడ చేరిన వైద్య విద్యార్థిని. తల్లి అదే ఆసుపత్రిలో పేరున్న సర్జన్. అమ్మ నీడలో ఊపిరాడని ఆ పిల్లను చూస్తే మన ఇళ్లలో కోచింగ్ సెంటర్లలో నలిగిన పిల్లలే కళ్ల ముందు కదులుతారు.

విటేకర్ పల్లెటూరి రైతు కుటుంబం నుంచి వచ్చిన మరో విద్యార్థి. అతని తొలి రోగుల్లో ఒకరు చికిత్స కోసం ఎదురుచూస్తూనే చనిపోతాడు. ఆ తర్వాత కూడా డ్యూటీ ఆగదు.

వీళ్లు కాక మత్తు మందులకు అలవాటు పడిన సీనియర్ రెసిడెంట్ లాంగ్డన్, ఆ సంగతి పట్టేసిన కొత్త డాక్టర్ శాంటోస్, డ్యూటీలోనే గర్భస్రావం జరిగినా పని ఆపని కాలిన్స్, ఆటిజం ఉన్న అక్కచెల్లెలి బాధ్యత మోస్తున్న మెల్ కింగ్ ఉన్నారు.

ఎదురుచూపుల గది

సీజన్‌కు గుండెకాయ ఆపరేషన్ టేబుల్ కాదు, బయటి వెయిటింగ్ హాలు. గంటల తరబడి జనం అక్కడే ఉంటారు. లోపల మంచాలన్నీ నిండే ఉంటాయి. చికిత్స మొదలై, పై వార్డుకు వెళ్లాల్సిన రోగులే వాటి మీద ఉంటారు. పైన మంచాలు లేవా అంటే ఉన్నాయి, చూసుకోవడానికి నర్సులు చాలరు. ఆసుపత్రి పెద్దలేమో రోగుల సంతృప్తి మార్కులు పెరగాలని రాబీ మీద ఒత్తిడి తెస్తారు. నర్సులను వేయకుండా మార్కులు ఎలా వస్తాయని రాబీ వాదన.

డగ్ అనే మనిషి ఛాతీ నొప్పితో వస్తాడు. తొలి పరీక్షల్లో ప్రమాదమేమీ కనిపించదు, మళ్లీ పరీక్ష చేయాలి కాబట్టి కూర్చోమంటారు. గంటలు గడుస్తాయి. తన తర్వాత వచ్చినవాళ్లు లోపలికి వెళ్తుంటే అతనికి మండిపోతుంది. ముందొచ్చినవాళ్లకు ముందు కాదు, ప్రాణం మీదికి వచ్చినవాళ్లకు ముందు అన్న ఎమర్జెన్సీ సూత్రాన్ని అతనికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. చివరికి బయట ఒంటరిగా ఉన్న డేనా ముఖం మీద గుద్ది వెళ్లిపోతాడు.

ఆ దెబ్బను సీరియల్ ఒక్క దుర్మార్గుడి మీదికి తోసేసి ఊరుకోదు. కొట్టినవాడిది తప్పే. అతన్ని అన్ని గంటలు అక్కడ కూర్చోబెట్టిన ఏర్పాటుదీ తప్పే. డాక్టర్ల మీద, నర్సుల మీద దాడి చేస్తే శిక్షించే చట్టాలు మన దగ్గరా ఉన్నాయి. తమిళనాడులో 2008లో, కర్ణాటకలో 2009లో, మహారాష్ట్రలో 2010లో వచ్చాయి. చట్టం దెబ్బ పడ్డాక పనిచేస్తుంది. దెబ్బ పడకముందు పనిచేసేవి మంచాలు, మనుషులు, రెండు నిమిషాల మాట. సీజన్ చెప్పేది ఇదే.

ఏ భాషో తెలియని పాదం

మొదటి ఎపిసోడ్‌లోనే రైలు పట్టాల మీద పడి పాదం ఒలిచినట్టయిపోయిన ఒక మహిళను తీసుకొస్తారు. ఆమె నొప్పితో ఏదో చెబుతుంటుంది. ఏ భాషో అక్కడ ఎవరికీ అర్థం కాదు. కొంతసేపటికి నేపాలీ అని తేలుతుంది. పాదానికి ఏం చేయాలో డాక్టర్లకు తెలుసు, ఆమెకు ఏం చెప్పాలో తెలియదు. అదే విభాగంలో ఇద్దరు ఫిలిప్పీన్స్ నర్సులు ప్రిన్సెస్, పెర్లా తమలో తాము తగాలోగ్‌లో కబుర్లు చెప్పుకుంటూ హాయిగా ఉంటారు. భాష తోడుంటే మనిషికి ఎంత ధైర్యమో, లేకపోతే ఎంత ఒంటరితనమో పక్కపక్కనే కనిపిస్తాయి.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. కర్ణాటకలో ఉండే మా పెద్దమ్మను ఒక రాత్రి మనవడు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆమెకు కన్నడం సంతలో బేరమాడే మేరకే వచ్చు. వాడు కన్నడ మీడియంలో చదివినవాడు, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు కానీ అన్నం, కూర, రా, పో వరకే. పెద్దమ్మ చెప్పింది: "ఎడమ జబ్బ గుంజుతోందిరా, గుండెల మీద రాయి పెట్టినట్టుంది, ఒళ్లంతా చెమటలు పోస్తోంది." వాడు అక్కడున్నవాళ్లకు చెప్పింది "కై నోవు" అని రెండే మాటలు. చెయ్యి నొప్పి. చెయ్యి నొప్పికి ఎక్కడైనా కూర్చోమనే అంటారు, అన్నారు. చాలాసేపటికి అటుగా వచ్చిన ఒక సిస్టర్ ఆమె తడిసిన జాకెట్టు చూసి, తన గుండె మీద చెయ్యి వేసుకుని సైగతో అడిగింది. పెద్దమ్మ తల ఊపింది. వెంటనే ఈసీజీ తీశారు. ఆ తర్వాత ఆమె మూడేళ్లు బతికింది.

తప్పు ఆసుపత్రిది అనలేం, పిల్లవాడిదీ అనలేం. వాడికి 'గుంజడం' అనే మాట ఎప్పుడూ ఎవరూ నేర్పలేదు. మన పెద్దవాళ్ల దగ్గర నొప్పికి ఎన్ని మాటలున్నాయో చూడండి: పోటు, సలుపు, తీపు, మంట, గుచ్చడం, పీకడం, మెలిపెట్టడం, దేవడం, తిమ్మిరెక్కడం, కళ్లు తిరగడం, ఆయాసం. ఒక్కోటి డాక్టర్‌కు ఒక్కో దారి చూపిస్తుంది. మధ్యలో అనువదించే మనవరాలి దగ్గర 'నొప్పి' ఒక్కటే మిగిలితే ఆ దారులన్నీ మూసుకుపోతాయి. తెలుగు నిలబడాలని మనం సభల్లో అంటుంటాం. అది నిలబడాల్సిన చోటుల్లో ఆసుపత్రి కౌంటర్ ఒకటి.

వినడానికి పట్టే సమయం

నత్తనడక అని పేరుపడ్డ సమీరా మోహన్ దగ్గరికి ఒక నల్లజాతి మహిళ కేసు వస్తుంది. మత్తు మందుల కోసం నాటకమాడుతోందని అనుకుని అంబులెన్సువాళ్లు ఆమెను కట్టేసి తెస్తారు. మోహన్ ఆగి చూస్తుంది. అది సికిల్ సెల్ వ్యాధి వల్ల వచ్చే భరించలేని నొప్పి. కట్లు విప్పించి, సరైన మోతాదులో నొప్పి మందు ఇప్పిస్తుంది.

ఈ వ్యాధిలో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. బయటికి గాయం కనిపించదు, అందుకే నమ్మరు. ఒడిశాలోని కోరాపుట్ వైపు, మహారాష్ట్రలో గడ్చిరోలి వైపు ఉండే మనవాళ్లకు ఇది దూరదేశపు జబ్బేమీ కాదు. ఆ చుట్టుపక్కల గిరిజన గూడేల్లో ఎక్కువగా ఉంది. 2023 జులై 1న కేంద్రం మొదలుపెట్టిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్లలోపు వాళ్లకు రక్తపరీక్షలు చేస్తున్నారు. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు జాతకంతో పాటు ఈ రిపోర్టు కూడా చూసుకోవడం మంచిది.

పెద్దాయన ముందే చెప్పిన మాట

సీజన్‌లో మమ్మల్ని ఎక్కువగా కదిలించింది స్పెన్సర్ అనే వృద్ధుడి కథ. మరపు జబ్బు, ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్. గొట్టం వేసి యంత్రం మీద పెట్టొద్దని స్పృహలో ఉన్నప్పుడే కాగితం మీద రాసుకున్నాడు. కొడుకూ కూతురూ ఒప్పుకోలేరు, గొట్టం వేయిస్తారు. తర్వాత ఆయన యాతన చూసి మనసు మార్చుకుంటారు. రాబీ వాళ్లకు హవాయి సంప్రదాయం నుంచి తన గురువు నేర్పిన నాలుగు మాటలు చెబుతాడు. ప్రేమిస్తున్నామని, కృతజ్ఞులమని, క్షమించామని, క్షమించమని. పిల్లలు పక్కన కూర్చుని ఆ మాటలు చెప్పాక తండ్రి వెళ్లిపోతాడు.

మన ఇళ్లలో ఈ విషయం ఎవరూ ఎత్తరు, అశుభం అంటారు. దాంతో ఐసీయూ బయట అన్నదమ్ముల మధ్య గొడవగా మారుతుంది. సుప్రీంకోర్టు 2018 మార్చిలో ఇలాంటి ముందస్తు వీలునామాను గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి నోటరీ దగ్గరో, గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకుంటే చాలు. దీని అమలు కోసం కర్ణాటక 2025 జనవరిలో ఉత్తర్వు కూడా ఇచ్చింది. పెద్దవాళ్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడే, పండక్కి అందరూ కలిసినప్పుడు, నెమ్మదిగా అడగాల్సిన సంగతి ఇది.

వేపాకు, సూది మందు

చివరి ఎపిసోడ్లలో తట్టు సోకి పరిస్థితి విషమించిన ఒక పిల్లవాడు వస్తాడు. టీకా వేయించలేదు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షించాలంటే తల్లి తన ఫోన్‌లో చదివిందే నమ్మి వద్దంటుంది. అప్పటికే అలసి ఉన్న రాబీ ఓపిక నశించి, ఆ రోజు చనిపోయినవాళ్లను ఉంచిన గదికి తండ్రిని తీసుకెళ్లి చూపిస్తాడు. అది సరైన పద్ధతి కాదు. సీరియల్ కూడా దాన్ని గొప్పగా చూపించదు.

మన దేశంలో తట్టు-రుబెల్లా టీకా పెద్ద ఎత్తున మొదలైంది 2017 ఫిబ్రవరిలో. తొలి విడత కర్ణాటక, తమిళనాడు, పుదుచ్చేరి, గోవా, లక్షద్వీప్‌లలో జరిగింది. అంటే యానాం పిల్లలు కూడా తొలి విడతలోనే ఉన్నారు. తమిళనాడులో అప్పుడు వాట్సాప్ పుకార్లకు భయపడి పిల్లలను బడికే పంపని తల్లిదండ్రులున్నారు. గుమ్మానికి వేపమండ కట్టడం మన ఆచారం, తప్పేమీ లేదు. టీకా మాత్రం ఆ గుమ్మం దాటి వెళ్లి వేయించాల్సిందే.

చివరి గంటలు

సాయంత్రం ఊళ్లో జరుగుతున్న సంగీతోత్సవంలో కాల్పులు జరుగుతాయి. గాయపడ్డవాళ్లు కార్లలో, అంబులెన్సుల్లో వరసకట్టి వస్తారు. ప్రమాద స్థాయిని బట్టి చేతికి రంగు పట్టీలు వేస్తారు. రక్తం చాలక సిబ్బంది తమదే ఇస్తారు. కాగితాలు, కంప్యూటర్లు పక్కన పెట్టేస్తారు. ఈ ఎపిసోడ్లు ఊపిరి బిగబట్టి చూసేలా ఉన్నాయి.

రాబీ కొడుకులా చూసుకునే కుర్రాడి స్నేహితురాలిని బతికించలేకపోతాడు. పిల్లల గదిలో, గోడల మీద జంతువుల బొమ్మల మధ్య నేల మీద కూలబడి ఏడుస్తాడు. పొద్దున డాబా అంచున నిలబడ్డ రాత్రి డ్యూటీ డాక్టర్ అబ్బట్‌ను కిందికి రప్పించింది రాబీయే. రాత్రి అదే డాబా మీదికి రాబీ వెళ్తే ఈసారి వెనకాల అబ్బట్ వస్తాడు. మన కోసం రాత్రంతా మేలుకునేవాళ్లకు కూడా ఒకరు కావాలన్న మాటను సీజన్ ఇలా ముగిస్తుంది.

ఏది నిజం, ఏది కథ

రచయితల్లో ఒకరైన జో సాక్స్ స్వయంగా ఎమర్జెన్సీ డాక్టర్. అది తెలుస్తుంది. తెర మీద గీత నిటారుగా అయిపోగానే షాకిచ్చి లేపేయడం లాంటి సినిమా పనులు ఇందులో లేవు. గుండె పూర్తిగా ఆగినప్పుడు షాక్ పనిచేయదు, ఛాతీ మీద నొక్కడమూ మందులూ దారి.

లోపాలూ ఉన్నాయి. ఇన్ని అరుదైన కేసులు ఒక్క డ్యూటీలో రావు. కాల్పుల్లో చిక్కుకున్నది సరిగ్గా రాబీ ఇంటి మనుషులే కావడం కథ కోసం చేసిన కలయిక. కొన్ని చోట్ల పాత్రలు మాట్లాడుకోవు, పాఠం చెబుతాయి. బిల్లు సంగతి మనం ఆశించినంత రాదు. అమెరికాలో డబ్బు లేకపోయినా ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను చూసి తీరాలని 1986 నుంచి చట్టం ఉంది, కానీ తర్వాత ఇంటికొచ్చే బిల్లు వేరే కథ.

మరో మంచి విషయం పాత అంబులెన్సు ఉద్యోగి పాత్ర. 1967లో పిట్స్‌బర్గ్‌లోని నల్లజాతి యువకులతో మొదలైన ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు సేవను ఆ ముసలాయన ద్వారా గుర్తుచేస్తారు. దారిలోనే చికిత్స చేయడం అమెరికాలో పాతుకుపోవడానికి దారి తీసిన సేవ అది. మన 108 కూడా 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై, 2008లో తమిళనాడు, కర్ణాటకలకు చేరింది. నేడు మన ఊళ్లలో మోగే ఆ సైరన్‌కు తెలుగు నేల మూలం.

ఎవరు చూడాలి?

రక్తం, కోతలు, ప్రసవం, ఏ దాపరికమూ లేకుండా చూపిస్తారు. చిన్న పిల్లలతో కలిసి చూసేది కాదు. ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు కొంతకాలం ఆగడం మేలు. మెడిసిన్, నర్సింగ్ చదువుతున్న పిల్లలు తప్పక చూడాలి. ఒకేసారి కూర్చుని చూడకండి, రోజుకు ఒకటో రెండో చాలు.

చూశాక ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్ల జబ్బులు, మందుల పేర్లు, పడని మందులు ఒక కాగితం మీద మీ ఊరి భాషలో రాసి పర్సులో పెట్టండి. ఆ పక్కనే వాళ్లు నొప్పిని ఏ మాటలతో చెబుతారో తెలుగులో రాసి, వాటి అర్థాన్ని ఊరి భాషలో రాయండి. రాసే పని మనవళ్లకు, మనవరాళ్లకు ఇవ్వండి. 'గుంజడం' అంటే ఏమిటో నాయనమ్మను అడిగి తెలుసుకున్న పిల్లవాడు ఆ రాత్రి కౌంటర్ దగ్గర రెండు మాటలతో సరిపెట్టడు.